అసలు అర్రే చెక్కుచెదరకుండా పని చేయాలంటే ఏ పద్ధతి ఎప్పుడు?

ఒక రిపోర్టు పేజీ రాస్తున్నప్పుడు రెండు రోజులు నన్ను నిద్రపోనివ్వని బగ్ ఒకటి వచ్చింది. పేజీలో పైన పన్నెండు నెలల అమ్మకాల గ్రాఫ్, కింద ఎక్కువ అమ్మకాలు జరిగిన ఐదు నెలల పట్టిక. పేజీ తెరవగానే గ్రాఫ్ బాగానే ఉండేది. పట్టికను ఒక్కసారి తెరిచి మూస్తే చాలు, గ్రాఫ్‌లో నెలలన్నీ కలగాపులగమైపోయేవి. జనవరి ఉండాల్సిన చోట అక్టోబరు, దాని పక్కన మార్చి. గ్రాఫ్ కోడ్‌ను ఎన్నిసార్లు చదివినా తప్పు దొరకలేదు. ఎలా దొరుకుతుంది, తప్పు అక్కడ లేదు కదా. పట్టిక తయారు చేసే ఫంక్షన్‌లో అమ్మకాల అర్రేను (విలువలను వరుసగా పెట్టుకునే జాబితాను) సార్ట్ చేసి, అంటే ఎక్కువ నుంచి తక్కువకు అమర్చి, వచ్చినదాన్ని వేరే పేరున్న వేరియబుల్‌లో పెట్టుకుని, అందులోంచి మొదటి ఐదు తీసుకున్నాను. పేరు కొత్తది కాబట్టి అర్రే కూడా కొత్తదే అనుకున్నాను. జావాస్క్రిప్ట్‌లో సార్ట్ మనం ఇచ్చిన అర్రేనే తిరగరాసి, అదే అర్రేను మళ్లీ మన చేతిలో పెడుతుంది. పేర్లు రెండు, అర్రే ఒకటే.

అప్పటి నుంచి అర్రే మీద ఏ పని చేయబోతున్నా ముందు ఒక ప్రశ్న వేసుకోవడం అలవాటైంది: ఈ అర్రే నా ఒక్కడి చేతిలోనే ఉందా, ఇంకెవరైనా దీన్ని పట్టుకుని ఉన్నారా? కాపీ తీయడానికి స్ప్రెడ్ మంచిదా, స్లైస్ మంచిదా, ఇమ్మర్ అనే లైబ్రరీ తెచ్చుకోవాలా అనే చర్చలన్నీ దీని తర్వాతే. ఇంకెవరి చేతిలోనూ లేని అర్రేను ఎలా మార్చినా ఎవరికీ నష్టం లేదు. నలుగురు పంచుకుంటున్న అర్రేను తాకితే ఆ నలుగురికీ తెలియకుండా వాళ్ల డేటా మారిపోతుంది. ఆ తేడా మనసులో పెట్టుకుని ఇప్పుడు మన ముందున్న దారులను పోల్చి చూద్దాం. ఉదాహరణలు ఎక్కువగా జావాస్క్రిప్ట్‌లో ఇస్తాను, ఎందుకంటే ఈ చిక్కు రోజూ ఎదురయ్యేది అక్కడే. వేరే భాషల సంగతి చివర్లో చెబుతాను.

ఏవి మారుస్తాయి, ఏవి మార్చవు

జావాస్క్రిప్ట్ అర్రే మెథడ్స్‌లో అసలు అర్రేను మార్చేవి తొమ్మిదే: పుష్, పాప్, షిఫ్ట్, అన్‌షిఫ్ట్, స్ప్లైస్, సార్ట్, రివర్స్, ఫిల్, కాపీవితిన్. వీటికి తోడు ఇండెక్స్ (స్థానం అంకె) పెట్టి నేరుగా విలువ వేయడం, లెంగ్త్‌కు (పొడవుకు) కొత్త అంకె ఇవ్వడం. లెంగ్త్‌ను 0 చేస్తే ఆ అర్రేను పట్టుకున్న అందరికీ అది ఒకేసారి ఖాళీ అవుతుంది. ఈ తొమ్మిదింటిని గుర్తు పెట్టుకుంటే చాలు. ప్రతి విలువ నుంచీ కొత్త విలువ చేసే మ్యాప్, కావలసినవే ఏరి ఇచ్చే ఫిల్టర్, ఇంకా స్లైస్, కాన్‌క్యాట్, ఫ్లాట్ లాంటివి వాటంతట అవి అసలు అర్రే జోలికి పోకుండా కొత్త అర్రే ఇస్తాయి.

తొమ్మిదిలోనూ అన్నీ ఒకేలా ప్రమాదకరం కావు. చివర్న చేర్చే పుష్, చివరిది తీసే పాప్ చూడగానే ఇక్కడేదో మారుతోందని ఎవరికైనా అర్థమవుతుంది. సార్ట్, రివర్స్ అలా కావు. అవి అర్రేను తిరిగి ఇస్తాయి కాబట్టి మ్యాప్, ఫిల్టర్ పక్కన గొలుసులా కలిపి రాసినప్పుడు అమాయకంగా కనిపిస్తాయి. నేను పడింది ఆ గోతిలోనే. స్లైస్‌కూ స్ప్లైస్‌కూ మధ్య తేడా ఒక్క అక్షరం. ఒకటి ముక్క కాపీ చేసి ఇస్తుంది, రెండోది అసలు అర్రేలోంచి ముక్క కోసేస్తుంది. కోడ్ రివ్యూలో ఈ రెండు పేర్లు కనిపిస్తే నేను ఇప్పటికీ ఆగి రెండోసారి చదువుతాను.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లలో చాలామందికి ఉండే నమ్మకం ఒకటుంది: కాన్‌స్ట్ పెట్టాం కదా, ఇక అర్రే మారదు అని. కాన్‌స్ట్ పేరును కట్టేస్తుంది. ఆ పేరు వేరే అర్రేను చూపించకుండా ఆపుతుంది, అంతవరకే. లోపలి విలువలను ఎవరైనా ఎలాగైనా మార్చుకోవచ్చు.

రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) పని చేసేవాళ్లకు అర్రేను మార్చకుండా ఉండటం స్టైల్‌కు సంబంధించిన విషయం కానే కాదు, అలా చేయకపోతే స్క్రీన్ పని చేయదు. స్టేట్‌లో, అంటే స్క్రీన్ మీద కనిపించేదాన్ని నిర్ణయించే డేటాలో, ఉన్న అర్రేకు పుష్ చేసి, అదే అర్రేను మళ్లీ సెట్ చేస్తే, రియాక్ట్ పాతదీ కొత్తదీ ఒకే రిఫరెన్సా (మెమరీలో అదే అర్రేనా) కాదా అని చూస్తుంది. ఒకటే కాబట్టి మారిందేమీ లేదనుకుని రెండర్ (స్క్రీన్‌ను మళ్లీ గీయడం) మానేస్తుంది. డేటా మారి ఉంటుంది, స్క్రీన్ మారదు. ఇంకో లక్షణం కూడా చెబుతాను. డెవలప్‌మెంట్‌లో స్ట్రిక్ట్ మోడ్ ఆన్‌లో ఉన్నప్పుడు ఒక ఐటమ్ చేర్చితే రెండు చేరుతున్నాయంటే, మీ రెడ్యూసర్ (పాత స్టేట్ తీసుకుని కొత్త స్టేట్ ఇచ్చే ఫంక్షన్) ఎక్కడో అర్రేను నేరుగా మారుస్తోందేమో చూడండి. ఇలాంటి తప్పులు బయటపడాలనే రియాక్ట్ అక్కడ రెడ్యూసర్లను రెండుసార్లు నడుపుతుంది.

కాపీ తీయడానికి నాలుగు దారులు

స్లైస్‌ను ఖాళీ బ్రాకెట్లతో వాడటం, మూడు చుక్కల స్ప్రెడ్, కాన్‌క్యాట్, అర్రే డాట్ ఫ్రమ్. నాలుగూ కొత్త అర్రే ఇస్తాయి, నాలుగూ పైపై కాపీలే. మామూలు పనికి నేను స్ప్రెడ్ వాడతాను. 2015లో భాషలోకి వచ్చింది, చూడగానే కొత్త అర్రే పుడుతోందని చతురస్ర బ్రాకెట్లే చెబుతాయి, ముందూ వెనకా ఏమైనా చేర్చుకోవచ్చు. సెట్‌ను (ఒక్కో విలువ ఒక్కసారే ఉండే గుంపును) అర్రేగా మార్చాలన్నా అదే పనికొస్తుంది.

కాన్‌క్యాట్‌తో ఒక ఇబ్బంది ఉంది. దానికి అర్రే ఇస్తే ఆ అర్రేను విప్పి లోపలి విలువలను చేరుస్తుంది, మామూలు విలువ ఇస్తే అలాగే చేరుస్తుంది. అంటే చేర్చాల్సిన ఎలిమెంటే ఒక అర్రే అయిన రోజున, ఉదాహరణకు [3, 4] అనే బిందువును బిందువుల జాబితాకు చేర్చాలనుకున్నప్పుడు, ఒక బిందువుకు బదులు 3, 4 అనే రెండు అంకెలు చేరతాయి. స్ప్రెడ్‌లో విప్పాలా వద్దా అన్నది మనమే చుక్కలు పెట్టి చెబుతాం. అందుకే కాన్‌క్యాట్‌ను నేను దాదాపు వదిలేశాను.

అర్రే డాట్ ఫ్రమ్‌కు ఒక ప్రత్యేకమైన చోటు ఉంది: కొత్తగా పట్టిక లాంటి అర్రే కట్టేటప్పుడు. మూడు గదుల అర్రే తీసుకుని ఫిల్‌తో ఖాళీ అర్రేను నింపితే, మూడు గదుల్లోనూ ఉండేది ఒకే అర్రే. ఒక వరుసలో రాస్తే మూడు వరుసల్లోనూ పడుతుంది. అర్రే డాట్ ఫ్రమ్‌కు లెంగ్త్, దాంతోపాటు ప్రతి గదికీ విడిగా అర్రే చేసి ఇచ్చే ఫంక్షన్ ఇస్తే ఆ బాధ లేదు.

పనిని బట్టి ఎంపిక

చివర్న చేర్చాలంటే, మొదట్లో చేర్చాలంటే స్ప్రెడ్. ఇందులో ఆలోచించేదేమీ లేదు.

సార్ట్ చేయాలంటే ఇప్పుడు మంచి దారి టూసార్టెడ్. 2023 జావాస్క్రిప్ట్ ప్రమాణంలో టూసార్టెడ్, టూరివర్స్‌డ్, టూస్ప్లైస్‌డ్, "విత్" అనే నాలుగు మెథడ్స్ చేరాయి. ఇవి పాతవాటికి జోడీలే. తేడా ఏమిటంటే కొత్త అర్రేలో పని చేసి దాన్ని ఇస్తాయి. క్రోమ్ 110, సఫారీ 16, ఫైర్‌ఫాక్స్ 115, నోడ్ 20 నుంచి ఉన్నాయి. అంతకన్నా పాత బ్రౌజర్లకు పని చేయాల్సి వస్తే ముందు స్ప్రెడ్‌తో కాపీ తీసి, ఆ కాపీని సార్ట్ చేయండి. ఫలితం ఒకటే, కాకపోతే ఆ కాపీ తీసే భాగాన్ని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు "ఇది అనవసరం" అని తీసేసే ప్రమాదం ఉంది. టూసార్టెడ్ అయితే పేరులోనే ఉద్దేశం కనిపిస్తుంది. ఒక్క మాట: పోల్చే ఫంక్షన్ ఇవ్వకపోతే టూసార్టెడ్ కూడా సార్ట్ లాగే అంకెలను అక్షరాల్లా పోల్చి [10, 9, 1]ని [1, 10, 9]గా అమరుస్తుంది. కాపీ ఇస్తుంది కదా అని ఆ పాత అలవాటు పోలేదు.

తీసేయడానికి రెండు దారులు: ఫిల్టర్, టూస్ప్లైస్‌డ్. ఒక విలువను మార్చడానికీ రెండే: మ్యాప్, "విత్". ఇక్కడే కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే చాలా పోలికల్లో వీటిని ఒకదానికి ఒకటి ప్రత్యామ్నాయాలుగా చూపిస్తారు. నా దృష్టిలో అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. "ఈ ఐడీ ఉన్నదాన్ని మార్చు" అంటే మ్యాప్ లేదా ఫిల్టర్. "మూడో స్థానంలో ఉన్నదాన్ని మార్చు" అంటే "విత్" లేదా టూస్ప్లైస్‌డ్.

రెండూ కలిపితే ఏమవుతుందో చూడండి. ఫైండ్‌ఇండెక్స్‌తో ఐడీ వెతికి, వచ్చిన స్థానాన్ని "విత్"కు ఇచ్చామనుకుందాం. ఐడీ దొరక్కపోతే ఫైండ్‌ఇండెక్స్ -1 ఇస్తుంది. "విత్"కు -1 అంటే చివరి ఎలిమెంట్. అంటే దొరకని వస్తువుకు బదులు, ఏ సంబంధమూ లేని చివరి వస్తువు మారిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. టూస్ప్లైస్‌డ్‌కు -1 ఇచ్చి ఒకటి తీసేయమంటే చివరిది మాయమవుతుంది. మ్యాప్‌లో అయితే ఐడీ దొరక్కపోతే ఏదీ మారదు, ఫిల్టర్‌లో ఏదీ పోదు. ఆ నెమ్మదితనం నాకు చాలా విలువైనది. అందుకే ఐడీతో పని ఉన్నంతవరకు "విత్" ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెడతాను.

స్థానమే ముఖ్యమైన చోట, ఉదాహరణకు ఆటలో గళ్ల బోర్డు, ఫారంలో వరుసగా ఉండే గడులు, అక్కడ "విత్" నిజంగా బాగుంటుంది. అర్రే పొడవును దాటిన స్థానం ఇస్తే వెంటనే రేంజ్ ఎర్రర్ ఇస్తుంది. పాత పద్ధతిలో ఇండెక్స్ పెట్టి విలువ వేస్తే మధ్యలో గుంతలు వదిలేసి మౌనంగా ముందుకు పోయేది.

పాత కోడ్‌లో స్ప్లైస్ ఉన్న చోటల్లా టూస్ప్లైస్‌డ్ అని పేరు మార్చేస్తే సరిపోతుందనుకోకండి. స్ప్లైస్ తిరిగి ఇచ్చేది తీసేసిన ముక్కలను. టూస్ప్లైస్‌డ్ ఇచ్చేది మిగిలిన అర్రేను. వెతికి మార్చే ఆప్షన్‌తో ఫైలంతా ఒకేసారి మార్చితే, తీసేసిన ఐటమ్ కోసం చూస్తున్న కోడ్‌కు అర్రే మొత్తం వెళ్లి పడుతుంది. పాప్‌కు, షిఫ్ట్‌కు ఇలాంటి జోడీలు లేవు; చివరిది వదిలేసి మిగతాది కావాలంటే స్లైస్‌కు 0, -1 ఇవ్వాలి.

అసలు చిక్కంతా లోతులో ఉంది

ఇప్పటిదాకా చెప్పిన పద్ధతులన్నీ పైపొరనే కాపీ చేస్తాయి. అర్రేలో ఉన్నవి అంకెలు, అక్షరాలు అయితే బాధ లేదు. ఆబ్జెక్టులు ఉంటే, కొత్త అర్రేలోనూ పాత అర్రేలోనూ ఉండేవి అవే ఆబ్జెక్టులు. కొత్త ఇల్లు కట్టుకుని పాత ఇంట్లోని వస్తువులనే రెండిళ్లవాళ్లూ వాడుకుంటున్నట్టు. స్ప్రెడ్‌తో కాపీ తీసుకుని, కాపీలోని మొదటి ఐటమ్ ధర మార్చితే అసలు అర్రేలోనూ ధర మారుతుంది. "నేను కాపీ తీశాను కదా" అని తల పట్టుకునేవాళ్లలో ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. మ్యాప్ కూడా దీనికి మినహాయింపు కాదు. మ్యాప్ లోపల ఐటమ్ ధరను నేరుగా మార్చి ఆ ఐటమ్‌నే తిరిగి ఇస్తే, బయట కొత్త అర్రే, లోపల మారిపోయిన పాత ఆబ్జెక్టులు.

దీనికి నాలుగు దారులున్నాయి. ఒక్కోదాని గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను.

మొదటిది, మార్పు జరిగే దారి పొడవునా మాత్రమే కాపీ తీయడం. అర్రేను మ్యాప్ చేస్తాం, మారాల్సిన ఐటమ్‌కు మాత్రం ఆబ్జెక్ట్ స్ప్రెడ్‌తో కొత్త ఆబ్జెక్ట్ ఇచ్చి అందులో ధర మారుస్తాం, మిగతా ఐటమ్‌లను ఉన్నవి ఉన్నట్టే తిరిగి ఇస్తాం. రెండు పొరల లోతు వరకు దీన్ని మించింది లేదు. ముఖ్యంగా మారని ఐటమ్‌ల రిఫరెన్సులు అలాగే ఉంటాయి. వెయ్యి వరుసల జాబితాలో ఒక్కటే మారితే, మెమో (మారని భాగాన్ని మళ్లీ రెండర్ చేయనివ్వని రియాక్ట్ ఏర్పాటు) పెట్టిన వరుసల్లో ఆ ఒక్కటే మళ్లీ రెండర్ అవుతుంది.

రెండోది, స్ట్రక్చర్డ్‌క్లోన్. ఇది అడుగు దాకా కాపీ తీస్తుంది. తేదీలు, మ్యాప్‌లు, సెట్‌లు, తనను తానే చూపించుకునే ఆబ్జెక్టులు, అన్నింటినీ సరిగ్గా చూసుకుంటుంది. నోడ్ 17 నుంచి, క్రోమ్ 98 నుంచి ఉంది. లోపల ఫంక్షన్ ఉంటే ఎర్రర్ ఇస్తుంది. క్లాస్‌తో చేసిన ఆబ్జెక్టులను సాదా ఆబ్జెక్టులుగా మార్చేస్తుంది, వాటి మెథడ్స్ పోతాయి. నేను దీన్ని రెండు సందర్భాల్లో వాడతాను: బయటి లైబ్రరీకి డేటా ఇస్తూ అది ఏం చేస్తుందో నమ్మకం లేనప్పుడు, ఎడిట్ ఫారం తెరిచేటప్పుడు "రద్దు" నొక్కితే వెనక్కి వెళ్లడానికి ఒక నకలు పక్కన పెట్టుకోవాలన్నప్పుడు. ప్రతి చిన్న మార్పుకూ దీన్ని వాడటం మాత్రం వద్దు. ఒక్క ధర మార్చడానికి అన్ని ఐటమ్‌లకూ కొత్త రిఫరెన్సులు వస్తాయి. ఇప్పుడే చెప్పిన ఆ మెమో లాభమంతా పోయి, వెయ్యి వరుసలూ మళ్లీ రెండర్ అవుతాయి.

మూడోది, జేసన్‌గా (డేటాను అక్షరాల్లో రాసే పద్ధతిలోకి) మార్చి మళ్లీ వెనక్కి తెచ్చుకునే పాత చిట్కా. తేదీలు అక్షరాలుగా మిగిలిపోతాయి, విలువ అన్‌డిఫైన్డ్ అయిన కీలు మాయమవుతాయి, నాన్ (అంకె కానిదని చెప్పే విలువ) కాస్తా నల్ అవుతుంది, మ్యాప్‌లు, సెట్‌లు ఖాళీ ఆబ్జెక్టులవుతాయి. వీటిలో ఒక్కదానికీ ఎర్రర్ రాదు. స్ట్రక్చర్డ్‌క్లోన్ అందుబాటులో ఉన్న చోట దీన్ని వాడటానికి నాకు కారణం కనిపించడం లేదు.

నాలుగోది ఇమ్మర్. మూడు, నాలుగు పొరల లోపల మార్పు చేయాల్సి వచ్చినప్పుడు స్ప్రెడ్‌లు ఒకదానిలో ఒకటి దూరి, కోడ్ చదవడానికి వీల్లేకుండా పోతుంది. అలాంటి కోడ్‌లో ఒక పొర స్ప్రెడ్ మరిచిపోవడం చాలా తేలిక, మరిచిపోయినట్టు తెలియడం చాలా కష్టం. ఇమ్మర్ మనకు ఒక డ్రాఫ్ట్ ఇస్తుంది. దానిమీద మామూలుగా పుష్ చేయొచ్చు, ధర మార్చొచ్చు. మనం తాకిన దారిని మాత్రమే గమనించి కొత్తది కట్టి ఇస్తుంది, తాకని భాగాలు పాతవే ఉంటాయి. ఏమీ మార్చకపోతే అసలు రిఫరెన్సునే తిరిగి ఇస్తుంది. అంటే మొదటి దారిలో మనం చేత్తో చేసే పనినే తను చేస్తుంది. స్టేట్‌ను నిర్వహించే రీడక్స్ టూల్‌కిట్ లైబ్రరీ వాడేవాళ్లకు ఇది ఇప్పటికే లోపల ఉంది, విడిగా తెచ్చుకోనక్కర్లేదు. ఒక చోట మాత్రం అందరూ తడబడతారు: డ్రాఫ్ట్‌కు పుష్ చేసే ఒక్క లైన్‌ను బ్రాకెట్లు లేని యారో ఫంక్షన్‌గా రాస్తే, పుష్ ఇచ్చే కొత్త పొడవు తిరిగి వెళ్తుంది. డ్రాఫ్ట్‌నూ మార్చి, వేరే విలువనూ తిరిగి ఇచ్చావని ఇమ్మర్ ఎర్రర్ ఇస్తుంది. మీసాల బ్రాకెట్లు పెడితే సరిపోతుంది.

వీటన్నింటికీ ఆవల ఇమ్మ్యూటబుల్ జేఎస్ లాంటి లైబ్రరీలు ఉన్నాయి. వాటి వెనక ఉన్న ఆలోచన నాకు చాలా ఇష్టం. రిచ్ హికీ 2007లో విడుదల చేసిన క్లోజర్ భాషలో వెక్టర్‌ను ఒక చెట్టులా కట్టారు, ఒక్కో కణుపుకు 32 కొమ్మలు. నాలుగు పొరల్లోనే పది లక్షలకు పైగా ఎలిమెంట్లు పడతాయి, 32ను నాలుగుసార్లు గుణిస్తే 10,48,576. ఒక విలువ మార్చాలంటే పై నుంచి కింది దాకా ఆ దారిలోని నాలుగు కణుపులను, అంటే 128 గదులను కాపీ చేస్తే చాలు. మిగతా చెట్టంతా పాత, కొత్త వెర్షన్లు పంచుకుంటాయి. ఇమ్మ్యూటబుల్ జేఎస్‌లోని లిస్ట్ కూడా ఇలాంటి 32 కొమ్మల చెట్టే. కానీ అవి మామూలు అర్రేలు కావు. ప్రతి లైబ్రరీ సరిహద్దు దగ్గరా మార్చి ఇవ్వాలి, మార్చి తీసుకోవాలి. లక్షల ఎలిమెంట్ల జాబితా క్షణక్షణం మారుతూ, పాత వెర్షన్లన్నీ దాచుకోవాల్సిన అవసరం ఉంటేనే అటు వెళ్లండి. మామూలు యాప్‌కు ఆ బరువు అక్కర్లేదు.

కాపలా పెట్టడం: ఫ్రీజా, రీడ్‌ఓన్లీనా

జాగ్రత్తగా రాయడం ఒక ఎత్తు, జాగ్రత్త తప్పినప్పుడు పట్టుకునే ఏర్పాటు మరో ఎత్తు. జావాస్క్రిప్ట్‌లో ఆబ్జెక్ట్ డాట్ ఫ్రీజ్ ఉంది. ఫ్రీజ్ చేసిన అర్రే మీద పుష్, సార్ట్ ప్రయత్నిస్తే టైప్ ఎర్రర్ వస్తుంది. ఇండెక్స్‌తో విలువ వేస్తే జావాస్క్రిప్ట్ స్ట్రిక్ట్ మోడ్‌లో (పైన చెప్పిన రియాక్ట్‌ది వేరు) ఎర్రర్, లేకపోతే మౌనంగా ఏమీ జరగదు. మాడ్యూళ్లలో స్ట్రిక్ట్ మోడ్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఈ రోజుల్లో ఆ రెండో భయం తక్కువ. ఇది కూడా పైపొరకే పరిమితం, లోపలి ఆబ్జెక్టులను ఎవరైనా మార్చొచ్చు.

జావాస్క్రిప్ట్‌కు టైపులు చేర్చిన టైప్‌స్క్రిప్ట్ వాడేవాళ్లకు నా సలహా రీడ్‌ఓన్లీ. ఫంక్షన్ తీసుకునే అర్రే పారామీటర్‌ను రీడ్‌ఓన్లీ అని రాస్తే, లోపల సార్ట్ అని టైప్ చేయగానే ఎర్ర గీత పడుతుంది. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు దీనివల్ల అదనపు ఖర్చు లేదు. మొదలుపెట్టిన కొత్తలో టెన్షన్ పెడుతుంది, ఎందుకంటే రీడ్‌ఓన్లీ అర్రేను మామూలు అర్రే అడిగే ఫంక్షన్‌కు ఇవ్వనివ్వదు, దాంతో ఒక చోట పెడితే పది చోట్ల ఎర్రర్లు లేస్తాయి. ఆ పదిలో ఒక్కోదాన్నీ తెరిచి చూడండి. కొన్ని కేవలం టైప్ సరిగ్గా రాయనివి. కొన్ని మాత్రం నిజంగానే మీ అర్రేను మారుస్తున్నవి. నాకు ఆ రిపోర్టు పేజీ రోజుల్లో రీడ్‌ఓన్లీ ఉండి ఉంటే రెండు రోజుల పని రెండు నిమిషాల్లో తేలేది.

రెండింటిలో ఒకటే అంటే రీడ్‌ఓన్లీ తీసుకుంటాను. ఫ్రీజ్‌ను టెస్టుల కోసం ఉంచుకుంటాను, దాని గురించి కింద చెబుతాను.

కాపీలకయ్యే ఖర్చు

"ప్రతిసారీ కాపీ తీస్తే స్లో అవదా?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. వంద, వెయ్యి ఎలిమెంట్ల అర్రేను బటన్ నొక్కినప్పుడల్లా ఒకసారి కాపీ తీయడం లెక్కలోకి రాదు. లూప్ లోపల కాపీ తీయడం మాత్రం వేరే కథ. విలువలను ఒక్కొక్కటిగా తీసుకుని ఒకే ఫలితంగా పోగుచేసే రెడ్యూస్‌లో ప్రతి అడుగుకూ ఇప్పటిదాకా పోగైన అర్రేను స్ప్రెడ్ చేసి చివర్న ఒకటి చేర్చే కోడ్ చాలా చోట్ల కనిపిస్తుంది. పది వేల ఎలిమెంట్లకు అది 0, 1, 2 అంటూ 9,999 దాకా కాపీలు తీసుకుంటూ పోతుంది. మొత్తం 4,99,95,000, దాదాపు అయిదు కోట్ల కాపీలు. అదే పని పుష్‌తో చేస్తే పది వేల చేర్పులు.

ఇక్కడే నేను మొదట వేసిన ప్రశ్న మళ్లీ పనికొస్తుంది. రెడ్యూస్‌లో పోగవుతున్న అర్రే ఇప్పుడే, ఈ ఫంక్షన్‌లోనే పుట్టింది. దాన్ని ఇంకెవరూ చూడలేదు. దానికి పుష్ చేయడం తప్పు కాదు, అవమానమూ కాదు. లోపల ఒక ఖాళీ అర్రే తీసుకుని, లూప్‌లో పుష్ చేసుకుంటూ, చివర్న తిరిగి ఇచ్చే ఫంక్షన్ బయటివాళ్లకు పూర్తిగా స్వచ్ఛమైనదే. "మ్యుటేషన్ (ఉన్నదాన్నే మార్చడం) ఎక్కడా ఉండకూడదు" అని పట్టుబట్టి కోడ్‌ను నెమ్మదిగా, చదవడానికి కష్టంగా చేసినవాళ్లను చూశాను. ఇమేజ్ పిక్సెళ్లు, ఆడియో శాంపిళ్లు లాంటి పెద్ద బఫర్ల మీద పని చేసేటప్పుడూ అంతే, ఉన్నచోటే మార్చడం సబబు. కాకపోతే ఆ ఫంక్షన్ పేరులోనే అది తెలియాలి.

వేరే భాషల్లో

పైథాన్ ఈ విషయంలో మంచి నిర్ణయం తీసుకుంది. లిస్ట్ మీద సార్ట్ ఉన్నచోటే మార్చి నన్ (ఏమీ లేదని చెప్పే విలువ) ఇస్తుంది, సార్టెడ్ కొత్త లిస్ట్ ఇస్తుంది. సార్ట్ ఫలితాన్ని వేరియబుల్‌లో పెడితే చేతికి నన్ వస్తుంది కాబట్టి, నేను చేసిన తప్పు అక్కడ మొదటిసారి నడిపినప్పుడే బయటపడుతుంది. పైథాన్ లిస్ట్‌ను స్లైస్ చేస్తే కాపీ వస్తుంది, నంపై (పైథాన్‌లో అంకెల లెక్కల లైబ్రరీ) అర్రేను అదే గుర్తుతో స్లైస్ చేస్తే కాపీ రాదు, అసలు అర్రేలోకి తెరిచిన కిటికీ వస్తుంది. ఆ ముక్కలో రాస్తే అసలులోనూ పడుతుంది. లిస్టుల నుంచి నంపైకి వచ్చినవాళ్లు దీన్ని ముందే తెలుసుకోవాలి. విడిగా కావాలంటే కాపీ అని అడగాలి.

గో భాషలో ఇంకా మెలిక ఉంది. అక్కడ స్లైస్ అంటే అడుగున ఉన్న అర్రేలో ఒక భాగాన్ని చూపించేది. ఒక స్లైస్‌లోంచి తీసిన చిన్న స్లైస్‌కు అపెండ్ చేస్తే, కింద ఖాళీ ఉంటే అసలు స్లైస్‌లోని తర్వాతి ఎలిమెంట్ మీద రాసేస్తుంది, ఖాళీ లేకపోతే కొత్త అర్రే తీసుకుంటుంది. ఒకే కోడ్, డేటా పొడవును బట్టి రెండు రకాల ప్రవర్తన. గో 1.21లో వచ్చిన స్లైసెస్ డాట్ క్లోన్ వాడితే ఈ సందిగ్ధం పోతుంది. జావాలో కలెక్షన్స్ ఇచ్చే అన్‌మాడిఫయబుల్ లిస్ట్ పేరు చూసి మోసపోవద్దు, అది అసలు లిస్ట్ మీద వేసిన అద్దం మాత్రమే. అసలు మారితే అద్దంలోనూ మారినట్టే కనిపిస్తుంది. విడిపోయిన నకలు కావాలంటే జావా 10 నుంచి ఉన్న లిస్ట్ డాట్ కాపీఆఫ్. స్విఫ్ట్‌లో, పీహెచ్‌పీలో అర్రేను ఇంకో వేరియబుల్‌కు ఇస్తేనే విడి విలువ అవుతుంది, ఎవరో ఒకరు మార్చే దాకా నిజమైన కాపీ జరగదు. అందుకే ఆ భాషల నుంచి జావాస్క్రిప్ట్‌కు వచ్చినవాళ్లు మొదట్లో ఎక్కువ దెబ్బ తింటారు.

ఉన్న కోడ్‌ను సరిచేయాలంటే

కొత్తగా రాసేటప్పుడు ఇవన్నీ గుర్తుంటాయి. ఇబ్బంది ఇప్పటికే ఉన్న కోడ్‌తో. నేను చేసేది ఇది. ప్రాజెక్టులో సార్ట్, రివర్స్, స్ప్లైస్ అని మూడు మాటలు వెతుకుతాను. దొరికిన ప్రతిచోటా ఆ అర్రే ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తాను. పారామీటర్‌గా వచ్చిందా, స్టేట్ నుంచా, వేరే ఫైలు నుంచి ఇంపోర్ట్ అయిందా? అయితే టూసార్టెడ్, టూరివర్స్‌డ్, లేదా స్ప్రెడ్. ఈ ఫంక్షన్‌లోనే మ్యాప్‌తోనో ఫిల్టర్‌తోనో ఇప్పుడే పుట్టిందా? అయితే దాన్ని ముట్టుకోను. మ్యాప్ చేసిన వెంటనే సార్ట్ చేయడం పూర్తిగా క్షేమం, ఎందుకంటే ఆ మధ్య అర్రేను పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు.

తర్వాత టెస్టుల్లోకి వెళ్లి, ముఖ్యమైన ఫంక్షన్లకు ఇచ్చే అర్రేలను ఫ్రీజ్ చేసి పంపిస్తాను. ఐటమ్‌లు ఆబ్జెక్టులైతే వాటినీ ఒక్కొక్కటిగా ఫ్రీజ్ చేస్తాను. అర్రేను దొంగచాటుగా మార్చే ఫంక్షన్ అక్కడికక్కడే టైప్ ఎర్రర్‌తో ఆగిపోతుంది, ఏ లైన్‌లో తాకిందో కూడా చెబుతుంది. ఆ రిపోర్టు పేజీ మీద ఇలా చేసినప్పుడు పట్టికతోపాటు ఇంకో రెండు చోట్ల రివర్స్ దొరికింది. ఒకటి ఫిల్టర్ చేసిన అర్రే మీద ఉంది, దాన్ని అలాగే వదిలేశాను. రెండోది డౌన్‌లోడ్ బటన్ వెనక, నేరుగా అమ్మకాల అర్రే మీద ఉంది. ఎవరైనా ఆ బటన్‌ను రెండుసార్లు నొక్కితే రెండో ఫైలులో నెలలు తలకిందులుగా వచ్చేవి, మూడోసారి నొక్కితే మళ్లీ సరిగ్గా వచ్చేవి.